అన్నయ్య మొహం చూసి కొన్న ఇల్లు

తోడల్లుడు ఇల్లు కొంటున్నాడని భార్య చెప్పగానే కళ్ళజోళ్ళాయనకి పొలమారింది. తాగుతున్నది మంచినీళ్ళే. అయినా ఆ మంట గొంతులోంచి కడుపులోకి దిగి ఎంతగా రగిలిందంటే, పొట్ట మీద గిన్నె పెడితే ఆ పూటకి అన్నం ఉడికిపోయేది. నమ్మనివాళ్ళు మానండి. ఆయన చొక్కా మీద, సరిగ్గా బొడ్డు దగ్గర, కాలిన మచ్చని ఆ ఇల్లాలు ఇప్పటికీ చూపిస్తుంది.

మంట ఊరికే పుట్టలేదు. ఆ ఇంటికి పెద్దల్లుడు తను. కళ్ళజోళ్ళ దుకాణం తనది. వీధిలో సగంమంది ముక్కుల మీద కూర్చున్నది తన చేతిపనే. రెండో అల్లుడేమో బస్సు తోలుతాడు, అయినదానికీ కానిదానికీ నవ్వుతాడు. అత్తగారు కూర ముందు వాడికే వడ్డిస్తుంది. ఇప్పుడు ఇల్లు కూడా వాడిదే ముందు! తనింకా అద్దె వాటాలో, ఇంటివాళ్ళ మెట్ల కింద చెప్పులు విప్పుకుంటున్నాడు.

"ఆదివారం ఇల్లు చూడ్డానికి మనల్నీ రమ్మన్నారండీ. మీ కంటికి ఏదీ దాగదట," అంది భార్య.

"వస్తా. ఎందుకు రానూ!" అన్నాడాయన. ఆ బేరాన్ని ఏట్లో కలిపి తీరాలని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాడు.

ఆదివారం ఆ ఇంట్లో అడుగుపెడుతూనే మరదలు గోడల రంగు చూసి మురిసిపోయింది. బస్సాయన అలవాటు ప్రకారం నవ్వాడు. కళ్ళజోళ్ళాయన మాత్రం మురిసిపోయే పని పెట్టుకోలేదు. అన్ని గోడలూ పాతవై ఉండగా ఒక్క గోడకే కొత్త సున్నం ఎందుకబ్బా అని అరచెయ్యి ఆనించాడు. తడి తగిలింది. వంటింట్లో కుళాయి తిప్పి, అలాగే వదిలేసి, స్నానాలగదిలోదీ తిప్పాడు. వంటింటి ధార దారప్పోగయింది. జేబులోంచి గుండ్రటి కళ్ళద్దం ఒకటి తీసి గచ్చు మీద నిలబెట్టి వదిలితే, అది అత్తారింటికి బయల్దేరిన కొత్తల్లుడిలా హుషారుగా మూలకి దొర్లుకుంటూ పోయింది. చివరికి బిగించి ఉన్న వెనక కిటికీ తెరిచాడు. అవతల తోళ్ళ గోదాము. ఆ వాసనకి ఇల్లు చూపిస్తున్న బ్రోకరు మీసం కిందికి వాలిపోయింది.

"మూసి ఉంచుకుంటే సరిపోతుంది కదండీ," అన్నాడు బ్రోకరు.

"ఏది? కిటికీయా, ముక్కా?" అన్నాడు కళ్ళజోళ్ళాయన.

బేరం చెడింది. ఆయన ఈల వేసుకుంటూ ఇంటిదారి పట్టాడు. వీధి మలుపులో బస్సాయన వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "అన్నయ్యా, మీరు లేకపోతే మునిగిపోయేవాళ్ళం! వచ్చేవారం ఇంకో ఇల్లుంది. మీరు రావాల్సిందే." ఈల సగంలో ఆగిపోయింది.

అలా వారం వారం ఏదో ఒక బేరం ముంచాడు. ఒక ఇంటికి బీరువా గుమ్మంలో పట్టదని జానలేసి మరీ చూపించాడు. ఇంకో ఇంటికి పనిగట్టుకుని వానలో వెళ్ళి, మోకాలి లోతు నీళ్ళలో వాకిట్లో నిలబడి పాట పాడాడు. పాడటమే కాదు, చేపలు కూడా పట్టాడని చెప్పుకుంటారు.

చివరికి ఒక చిన్న డాబా ఇల్లు తగిలింది. దానికి వంక దొరకదే! గోడలు తట్టాడు, కుళాయిలన్నీ ఒక్కసారే తిప్పాడు. అద్దం పెట్టినచోటే వాలి పడుకుంది. పక్కింటావిడని పిలిచి, "ఇక్కడ గొడవలేమైనా ఉంటాయామ్మా?" అని ఎంతో ఆశగా అడిగాడు.

"గొడవా? పలకరించే దిక్కే లేదు నాయనా," అందావిడ.

డాబా ఎక్కాడు, దిగాడు, మొహం వేలాడేసుకుని అరుగు మీద కూలబడ్డాడు. బస్సాయన ఆ మొహంకేసి ఒక్కసారి చూసి, "ఇది ఖాయం చేసేద్దాం," అన్నాడు భార్యతో.

ఆ తర్వాత కొన్నాళ్ళు కళ్ళజోళ్ళాయన దుకాణంలో దగ్గరచూపుకి అడిగినవాళ్ళకి దూరపుచూపువి ఇచ్చాడు. ఇక తనూ కొనాల్సిందే. భార్యాభర్తలు దాచుకున్నది ఒక్క ఇంటికి చాలుతుంది. అది కాస్తా తప్పుగా పడితే ఈ జన్మకి అద్దె వాటాయే గతి. భార్య ఆ మాట రోజూ చెబుతూనే ఉంది. కానీ ఆయన కంటికి ఒక్కటే ఆనింది. బస్సాయన ఇంటికి సరిగ్గా ఎదురుగా, ఒక అంతస్తు ఎక్కువున్న మేడ. పైన బాల్కనీ. అక్కడ నిలబడితే తోడల్లుడి డాబా కాళ్ళకింద ఉంటుంది!

"తీసుకుందాం," అన్నాడు గుమ్మంలోనే.

"గోడలు తట్టరా?"

"గట్టివే."

"అద్దం దొర్లించరా?"

"దుకాణంలో మర్చిపోయా."

భార్య ఇలా కాదని ఎదురింటి మరిదిని పిలిచింది. బస్సాయన వస్తూనే, "అబ్బ! ఎంత బాగుందన్నయ్యా! ఆ బాల్కనీ చూశారా వదినా!" అన్నాడు. కళ్ళజోళ్ళాయన వాడి మొహంలో కుళ్ళు కోసం వెతికాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ వెతికాడు. చుక్కయినా లేదు. ఇంత పెద్ద మేడ తను కొంటుంటే వీడు ఏడవడేం? ఈ మంచితనం కూడా వీడికే దక్కాలా? దానికీ కళ్ళు కుట్టాయి.

భార్య ఆయన్ని పక్కకి లాగింది. "ఏమండీ, ఒక్కమాట. ఇది కొంటున్నది మనం కాదనుకోండి. మా చెల్లీ వాళ్ళు. ఇది వాళ్ళకి రెండో ఇల్లు."

"రెండోదా!"

పాత మంట భగ్గుమంది. ఆ వెలుగులో ఆయనకి ఇల్లంతా కనిపించింది. బాల్కనీ కింద వేళ్ళు దూరేంత పగులు. స్నానాలగది పైకప్పులో ఉబ్బిన మరక. దుకాణంలో ఉందన్న అద్దం జేబులోంచే బయటికొచ్చింది. అది గది చుట్టొచ్చి, మెట్లన్నీ దిగి, వీధి దాటి బస్సాయన గుమ్మంలో ఆగింది.

"ఎవడే వీళ్ళకిది అంటగట్టింది!" అన్నాడు పొంగిపోతూ.

బస్సాయన దగ్గరికొచ్చాడు. "వద్దన్నయ్యా, ఈ ఇల్లు వద్దు."

"ఇందాక బాగుందన్నావుగా?"

"నాకన్నీ బాగానే ఉంటాయి, నాకేం తెలుసు? మీ మొహం వెలిగిపోతోంది. మీ మొహం వెలిగిన ఇల్లు మేం ఒక్కటీ కొనలేదు. వేలాడిన రోజున కొన్నాం."

"అంతా తెలిసే నన్ను తీసుకెళ్ళావట్రా?" అన్నాడు కళ్ళజోళ్ళాయన.

"మీ అంత శ్రద్ధగా చూసేవాళ్ళు నాకెవరున్నారన్నయ్యా?" అని నవ్వాడు బస్సాయన. ఆ నవ్వులో కూడా వంక దొరకలేదు.

కొన్ని వారాలకి ఇంకో ఇల్లు చూశారు. దానికి బాల్కనీ లేదు. తోడల్లుడి డాబా అక్కణ్ణుంచి కనబడనే కనబడదు. "ఇదీ వాళ్ళదే అనుకోండి," అని భార్య గుమ్మంలో నిలబడింది. ఆయన అనుకున్నాడు. తట్టాడు, తిప్పాడు, దొర్లించాడు, వానపడ్డ రోజున మళ్ళీ వచ్చి చూశాడు. అరుగు మీద కూలబడి తలపట్టుకున్నాడు.

"ఏమయిందండీ?"

"ఏముందే! వాడి అదృష్టం. వాడికన్నీ ఇలాంటివే దొరుకుతాయి," అన్నాడు కళ్ళనీళ్ళు పెట్టుకుని.

భార్య వెంటనే చేతిసంచీలోంచి అడ్వాన్సు తీసి ఇల్లు అమ్ముతున్నాయన చేతిలో పెట్టింది.

చొక్కా మీద రెండో మచ్చ అప్పటిదే.