పద్నాలుగో నంబరు కుర్చీ

జేబులు వెతక్కుండా ఏ బట్టా మిషన్లోకి పోకూడదు. ఆ డ్రై క్లీనింగ్ షాపులో ఉన్నదల్లా ఆ ఒక్క చట్టమే. పొద్దున్నే తండ్రి షట్టరెత్తి ఆవిరి ఇస్త్రీ పెట్టె వేడెక్కడానికి పెడతాడు. కూతురు ముందురోజు వచ్చిన బట్టలు బల్ల మీద కుమ్మరించుకుని ఒక్కో జేబులో చెయ్యి పెడుతుంది. బస్సు టికెట్లు, గుండీలు, నలిగిన చీటీలు, ఒకసారైతే కట్టుడు పళ్ళు. ఏది దొరికినా కాగితం కవర్లో వేసి, లోపల ఏముందో పైన రాసి, హ్యాంగరుకి పిన్ను పెట్టాలి. ఏమీ దొరక్కపోతే "ఖాళీ" అని రాసి ఆ ఉత్త కవరైనా తగిలించాలి.

"మనం చూశామని వాళ్ళకి తెలియొద్దూ?" అంటాడు తండ్రి.

కూతురి అసలు పేరు ఎవరూ వాడరు. పుట్టిన దగ్గర్నుంచీ మూతి ముడుచుకునే ఉందని ఇంట్లోవాళ్ళు బుంగమూతి అని పిలిచారు. వీధివాళ్ళకి అంత ఓపిక లేక బుంగి చేసేశారు.

బిజినెస్ స్కూలు నుంచి కుర్చీ వచ్చింది కూడా అలా బుంగి జేబులు వెతుకుతున్న ఒక పొద్దున్నే. వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్ళకి కుర్చీ రావడం అందరికీ తెలిసిందేగా. తెచ్చినవాళ్ళు సంతకం పెట్టించుకుని, దింపేసి వెళ్ళారు. చెక్క కుర్చీ, వీపు మీద ఇత్తడి బిళ్ళ, బిళ్ళ మీద పద్నాలుగు. తండ్రి దాన్ని షాపు వెనక గోడకి ఆనించి పెట్టాడు. లిస్టులో ముందున్న వాళ్ళెవరైనా తప్పుకుంటే కుర్చీ ఒక అడుగు ముందుకేస్తుంది. గడప దాటిందా, సీటొచ్చినట్టే. క్లాసులు మొదలయ్యేలోపు దాటలేదా, ఇక అది మామూలు కుర్చీ, ఎవరైనా కూర్చోవచ్చు. బుంగి టేపు తెచ్చి కొలిచింది. గోడ నుంచి గడపకి సరిగ్గా పద్నాలుగడుగులు.

అంతవరకూ ఫరవాలేదు. ఎటొచ్చీ మేనత్త కూతురికి కుర్చీ రాలేదు. తిన్నగా ఉత్తరమే వచ్చింది, సీటిచ్చామని.

ఆ పిల్ల పేరు తొందరమ్మ. అదీ అసలు పేరు కాదులెండి. గొడుగు బస్సులో, చెప్పులు ఎవరింట్లోనో వదిలేసి, తను మాత్రం పరుగెత్తుకుంటూ వచ్చేసే రకం. బుంగి కంటే మూడు నెలలు చిన్నది, వదినా వదినా అంటూ వెనకే తిరుగుతుంది. ఇంటర్వ్యూకి ఇద్దరికీ కలిపి ఉన్నది ఒకటే కోటు, అది తొందరమ్మది. పొద్దున అది వేసుకుంది, మధ్యాహ్నం బుంగి వేసుకుంది. అదే కోటు, అవే ప్రశ్నలు, చెప్పినవీ దాదాపు అవే జవాబులు.

"మధ్యాహ్నానికి మోచేతుల దగ్గర ముడతలు పడ్డాయి నాన్నా," అని బుంగి నెలరోజులుగా అదే పాట పాడుతోంది. "ఇస్త్రీ వాళ్ళమ్మాయిని, ముడతల కోటుతో వెళ్ళి కూర్చున్నాను. దానికి మాత్రం కత్తిలాంటి మడత!"

"కోటు దానిదమ్మా," అనేవాడు తండ్రి.

"నాకు మాత్రం ఉందేంటి ఇంకో కోటు?"

అసూయంటే అలాంటిలాంటి అసూయ కాదు. తొందరమ్మ కొత్త సంచి కొనుక్కుంటే బుంగికి ఆ రోజు అన్నం సయించలేదు. తొందరమ్మకి జలుబు చేస్తే మాత్రం మనసుకి కాస్త హాయిగా అనిపించింది. ఆ హాయికి సిగ్గేసింది. సిగ్గేసేలా చేసినందుకు దాని మీద ఇంకాస్త ఒళ్ళు మండింది.

కుర్చీ మాత్రం తన పని తాను చేసుకుపోయింది. ఒక వారంలో నాలుగడుగులు, ఇంకో వారంలో అయిదు, ఆ పైన ఒకటీ అరా. బట్టలివ్వడానికొచ్చినవాళ్ళు ముందు కుర్చీ సంగతే అడిగేవాళ్ళు. "ఎక్కడిదాకా వచ్చిందమ్మా?" అని మందుల షాపాయన రోజూ తొంగిచూసి పోయేవాడు. సోమవారం క్లాసులనగా, గురువారానికి కుర్చీ ముందుకాళ్ళు గడపని తాకి ఆగాయి. ఇంకొక్కరు తప్పుకోవాలి, ఒక్కరంటే ఒక్కరు.

శుక్రవారం మూడింటికి బుంగి తొందరమ్మ కోటు బల్ల మీద వేసింది. మొదటి రోజు వేసుకోవాలని అది మంగళవారమే ఇచ్చి వెళ్ళినా, బుంగి ఒళ్ళుమండి ఇన్నాళ్ళూ పక్కన పడేసింది. పైజేబుల్లో ఏమీ లేదు. లోపలి జేబులో చెయ్యి పెడితే కాగితం తగిలింది. పసుపు కాగితం, నాలుగు మడతలు.

విప్పి చూసింది. సీటు తీసుకుంటున్నానని సంతకం పెట్టి ఇవ్వాల్సిన కాగితమది. శుక్రవారం సాయంత్రం అయిదింటిలోగా ఎవరిది వాళ్ళే స్కూలు కౌంటర్లో ఇవ్వాలి, లేకపోతే సీటు పోతుంది. బుధవారమే ఇచ్చేశానని తొందరమ్మ ఇల్లంతా చెప్పింది. మరి అక్కడిచ్చిందేమిటి? షాపు రసీదులు కూడా పసుపువే. కోటు తాలూకు రసీదు తీసుకెళ్ళి బిజినెస్ స్కూలుకి ఇచ్చొచ్చిందన్నమాట మహాతల్లి. వాళ్ళూ చూడకుండా డబ్బాలో వేసుకుని ఉంటారు.

బుంగి తలెత్తి చూసింది. తండ్రి వెనక ఆవిరిలో ఉన్నాడు, ఎవరిదో పంట్లాంతో కుస్తీ పడుతున్నాడు.

"ఏమైనా ఉన్నాయా జేబుల్లో?" అని అక్కణ్ణుంచే అడిగాడు, రోజూ అడిగినట్టే.

"ఏం లేవు నాన్నా," అంది బుంగి.

కవరు మీద "ఖాళీ" అని రాసింది. ఆ రెండక్షరాలే చేతికి ఎప్పుడూ లేనంత పొడుగ్గా అనిపించాయి. కోటుకి కవరు తగిలించి రాడ్డు మీద వేసింది, పసుపు కాగితం తన జేబులో పెట్టుకుంది. గడప దగ్గర కుర్చీ చప్పుడు లేకుండా ఒక ముందుకాలు ఎత్తింది.

కుర్చీకి అర్థమైపోయింది. బుంగికి ఏడుపొచ్చినంత సంతోషమైంది. ఇంకో రెండు గంటలు ఊరుకుంటే చాలు, తనేమీ చెయ్యక్కర్లేదు కూడా. ఎత్తిన ఆ కాలు వైపే చూస్తూ, వచ్చినవాళ్ళకి ఒకరి చీర ఇంకొకరికిచ్చి, తిట్లు కూడా తింది.

నాలుగున్నరకి తొందరమ్మ ఊడిపడింది. చంకలో పెద్ద పొట్లం, జుట్టంతా చెదిరి ఉంది.

"కోటు రసీదు ఎక్కడో పారేశాను వదినా, తిట్టకు. ముందు ఇది చూడు!" పొట్లం విప్పింది. లోపల దిండు. వాళ్ళ నాన్న పాత కోటు చింపి కుట్టింది, జేబు కూడా తియ్యకుండా అలాగే ఉంచేసింది. "నీ కుర్చీకి. ఉత్త చెక్క మీద ఎన్నాళ్ళు కూర్చుంటావు, నడుం పట్టేస్తుంది."

బుంగికి జేబులో కాగితం బరువుగా తగుల్తోంది.

"ఎందుకే ఇవన్నీ?"

"ఎందుకేంటి!" తొందరమ్మ గొంతు ఒక్కసారిగా మారింది. "నిజం చెప్పనా? నీ మీద కుళ్ళు నాకు. చచ్చేంత కుళ్ళు. ఈ దిండు కుట్టినన్నాళ్ళూ నిన్ను తిట్టుకుంటూనే కుట్టాను."

"నా మీదా? సీటొచ్చింది నీకు!"

"వస్తే? నన్నెవరైనా అడిగారా? మా అమ్మ కూడా పొద్దున లేవగానే 'బుంగి కుర్చీ ఎక్కడిదాకా వచ్చిందే' అంటుంది. నాకొచ్చింది ఒక ఉత్తరం, చదివి డ్రాయర్లో పెట్టేశారు. నీకేమో కుర్చీ! వీధి వీధంతా వచ్చి చూస్తోంది. ఒక్కసారైనా కూర్చోమన్నావా నన్ను?"

బుంగి దాని మొహంలోకి చూసింది. ఆ ఎర్రబడ్డ ముక్కు, ఆ ముడుచుకున్న మూతి తనకి బాగా తెలిసినవే. రోజూ అద్దంలో చూస్తున్నవే. తన మీద ఒకళ్ళు కుళ్ళుకోవడం పుట్టి బుద్ధెరిగి ఇదే మొదటిసారి. ఎంత హాయిగా ఉందో! ఎండలోంచి వచ్చి చల్లటి నీళ్ళు తాగినట్టుంది. కడుపులో నెలరోజులుగా మండుతున్నది ఆ నీళ్ళకి చప్పున ఆరిపోయి, అక్కడ చోటు మిగిలింది.

గోడ గడియారం అయిదుకి ఇరవై నిమిషాలు చూపిస్తోంది. స్కూలుకి బస్సులోనైతే ముప్పావు గంట.

"కూర్చో," అంది బుంగి.

"నిజంగానా?"

"కూర్చోవే తల్లీ, దిండేసుకుని కూర్చో!"

తొందరమ్మ కూర్చుంది. బుంగి పసుపు కాగితం తీసి దాని ఒళ్ళో పెట్టింది. "ఇది నీ కోట్లో ఉంది. నువ్విచ్చొచ్చింది మా రసీదు."

"అయ్యో! అయ్యయ్యో వదినా, ఇప్పుడెలా..."

"గట్టిగా పట్టుకో."

ఎత్తి ఉంచిన కాలు గడప అవతల పడింది. తర్వాత రెండోది, ఆ తర్వాత వెనకవీ. కుర్చీ రోడ్డెక్కి పరుగందుకుంది. మందుల షాపాయన పక్కకి జరిగాడు. బస్సు డ్రైవరు బ్రేకు వేసి దారిచ్చాడు. తొందరమ్మ ఒక చేత్తో కాగితం, ఒక చేత్తో కుర్చీ పట్టుకుని మలుపు తిరిగిపోయింది.

బుంగి వాకిట్లోనే నిలబడిపోయింది. మంచి పని చేశానన్న తృప్తి ఏమైనా వచ్చిందా అంటే, రాలేదు. పద్నాలుగడుగులు నేను కాచుకుంటే దాని మీద ఊరేగింది అదా, అని మళ్ళీ కడుపు భగ్గుమంది. చచ్చిందనుకున్న కుళ్ళు చావలేదన్నమాట. లోపలికెళ్ళి పంట్లాములు మడతపెట్టింది, మడత ఒక్కటీ కుదరలేదు.

ఆరు దాటాక తొందరమ్మ నడుచుకుంటూ వచ్చింది. కుర్చీ వెనకాల నింపాదిగా వచ్చి, బల్ల పక్కన ఆగింది. వీపు మీద బిళ్ళ లేదు, మేకుల కన్నాలు మాత్రం ఉన్నాయి.

"రెండు నిమిషాలుందనగా ఇచ్చేశాను వదినా! కౌంటరాయన కుర్చీని చూసి, గడప దాటే వచ్చిందా అని అడిగాడు. ఊఁ అన్నాను. బిళ్ళ ఊడదీసుకుని, దిండు ఓసారి ఎత్తి సర్దాడు. ఎందుకని అడగాల్సింది, తొందర్లో అడగలేదు."

అయిపోయిందన్నమాట, మామూలు కుర్చీ అయిపోయింది. బుంగి కళ్ళు తుడుచుకోలేదు, ఎందుకంటే చేతినిండా బట్టలున్నాయి.

తండ్రి ఆవిరిలోంచి బయటికొచ్చాడు. కుర్చీ మీది దిండు తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. దారి దుమ్మంతా పట్టి ఉంది, ఉతకాలి. ఉతికే ముందు అలవాటు ప్రకారం దాని జేబులో చెయ్యి పెట్టాడు.

ఒక కాగితం వచ్చింది. పసుపుది, నాలుగు మడతలు, సోమవారం తొమ్మిదింటికి రమ్మని. పైన బుంగి అసలు పేరు ఉంది, ఎవరూ వాడని పేరు, ఒక్క తప్పు లేకుండా.

తొందరమ్మ కెవ్వున అరిచి బుంగిని వాటేసుకుంది, మరుక్షణమే వదిలేసి, "సోమవారం కోటు మాత్రం నాదే" అంది.

"ముడతలు పడకముందు నేనే వేసుకుంటాను," అంది బుంగి ఏడుస్తూ.

తండ్రి తన చొక్కా జేబులోంచి, తొందరమ్మ కోటుకి తగిలించిన కాగితం కవరు తీశాడు. దాని మీద బుంగి చేతిరాతతో "ఖాళీ" అని ఉంది. ఆ మాట కొట్టేసి, కింద "కాగితం ఒకటి" అని రాశాడు. పసుపు కాగితం అందులో పెట్టి, హ్యాంగరుకి తగిలించినట్టే కూతురి భుజం దగ్గర పిన్ను పెట్టాడు. మధ్యాహ్నం మూడింటి నుంచీ ఆ కవరు ఆయన జేబులోనే ఉంది.