తొడిగి చూసిన జత

నా దుకాణంలో ముప్పై ఒక్క ఏళ్ళుగా ఒకటే పద్ధతి. కొత్త రకం జోడు ఏది వచ్చినా, అరలో పెట్టే ముందు ఒక జత నేను తొడుక్కుంటాను. పొద్దున దుకాణం తీసినప్పుడు వేసుకుంటే మూసేదాకా విప్పను. ఆ రోజంతా నిచ్చెన ఎక్కుతాను, దిగుతాను, కొనేవాళ్ళ ముందు గొంతుక్కూర్చుంటాను, వీధి చివరిదాకా నడిచి టీ తాగి వస్తాను. మడమను కరుస్తోందా, చిటికెన వేలిని నొక్కుతోందా, అడుగున ఏదైనా గుచ్చుకుంటోందా అన్నది సాయంత్రానికి తేలిపోతుంది. కాలు సరే అంటేనే సరుకు దించుకుంటాను. లేదంటే తిప్పి పంపిస్తాను.

ఈ సంగతి కొనేవాళ్ళందరికీ తెలుసు. కొత్త జోడు చేతిలోకి తీసుకుని ధర అడిగే ముందే, "మీరు తొడిగి చూశారా?" అంటారు. "చూశాను" అంటే చాలు, ఇక బేరం ఉండదు. నా ఎదురు దుకాణంలో నా అద్దాలకన్నా పెద్ద అద్దాలున్నాయి, చల్లటి గాలి ఉంది, కూర్చుంటే కుంగిపోయే సోఫాలున్నాయి. నాకున్నది ఎనిమిదో నంబరు కాళ్ళు రెండు. వాటి మాట మీదే నా వ్యాపారం నిలబడింది.

షుగరు వచ్చి పదకొండేళ్ళు. పిలవకుండా వచ్చిన చుట్టం అనుకున్నాను. పూటకో మాత్ర పడేస్తే మూల కూర్చుని గొడవ చేయకుండా ఉంటాడని నా లెక్క. ఆరు నెలలకోసారి రమ్మని డాక్టరమ్మ చీటీ మీద రాసిచ్చేది. నేను ఏడాదికోసారి, అదీ మాత్రలు మార్చాల్సి వస్తేనే వెళ్ళేవాణ్ణి.

మూడేళ్ళ కిందట ఒక మిట్టమధ్యాహ్నం మా డాబా మీద పరుపులు ఆరేశాం. వాన మబ్బు కనిపిస్తే నేనూ మా ఆవిడా చెప్పుల్లేకుండానే పరిగెత్తాం. అప్పటిదాకా ఎండ కాసిన గచ్చు. ఆవిడ ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి గంతులేస్తూ "అమ్మో, అమ్మో" అంటోంది. నేను నింపాదిగా నడిచి, పరుపు చుట్టి, భుజాన వేసుకుని వచ్చాను.

"ఏం కాళ్ళండీ మీవి! ఇనప కాళ్ళు," అంది.

పొగిడిందనుకున్నాను. రాత్రి అరికాళ్ళు చూసుకుంటే రెండు బొబ్బలున్నాయి. వేలితో నొక్కాను. వేలికి బొబ్బ తెలిసింది కానీ బొబ్బకు వేలు తెలియలేదు. అరికాలికీ నాకూ మధ్య ఎవరో దూది పరిచినట్టుంది.

అప్పుడే వెళ్ళి చూపించుకోవలసింది. నేను వేరే లెక్క వేసుకున్నాను. డాక్టరుకి చెబితే మా ఆవిడకు తెలుస్తుంది. ఆవిడకు తెలిస్తే వాళ్ళ తమ్ముడికి తెలుస్తుంది. అతనికి తెలిస్తే బజారంతటికీ తెలుస్తుంది. కాళ్ళకు స్పర్శ లేనివాడు తొడిగి చూసిన జోడు ఎవరు కొంటారు? నోరు మూసుకున్నాను. పద్ధతి మాత్రం మానలేదు. జోళ్ళు తొడుగుతూనే ఉన్నాను. సాయంత్రం కాలు ఏమీ చెప్పకపోతే, బాగుంది కాబట్టే చెప్పలేదని సర్దిచెప్పుకున్నాను. చెప్పుకుంటూ పోతే మనిషి తనకు తాను ఎంత పాత సరుకైనా అమ్మగలడు.

మా ఆవిడ తమ్ముడికి చిన్న కార్ఖానా ఉంది. నలుగురు పనివాళ్ళు, తను ఐదోవాడు. మంచి పనితనం, మంచి నోరు. పోయిన ఏడాది నల్ల షూ ఒకటి తయారుచేశాడు. రోజంతా నిలబడి పనిచేసేవాళ్ళ కోసం, ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ ఒకే అచ్చు. త్వరగా అవుతుందని అడుగును కుట్టడం మానేసి, జిగురు పూసి చిన్న మేకులు కొట్టాడు.

"తొడుక్కో బావా. సాయంత్రానికి విప్పమంటే ఏడుస్తావు," అన్నాడు.

ఒక రోజు తొడిగాను. విప్పేటప్పుడు హాయిగానే ఉంది. "వెన్నలా ఉందిరా" అన్నాను. సరుకు దించుకున్నాను. నాకూ నచ్చి, ఆ జతనే రోజూ వేసుకోవడం మొదలుపెట్టాను. పది రోజుల్లో పన్నెండు జతలు పోయాయి.

పదకొండో రోజున మా వీధి బడిలో పాఠాలు చెప్పే టీచరమ్మ వచ్చింది. ఆవిడ నా దగ్గర తప్ప ఎక్కడా కొనదు. రబ్బరు చెప్పుల్లో వచ్చింది. నల్ల షూ జత గల్లా బల్ల మీద పెట్టి, కుర్చీలో కూర్చుని మడమ చూపించింది. రూపాయి బిళ్ళంత చర్మం లేచిపోయింది.

"బాబాయిగారూ, ఇది మీరు తొడిగి చూశారా?"

"చూశానమ్మా. చూడకుండా అమ్ముతానా?"

"రోజంతా?"

"రోజంతా. అదిగో, ఇప్పుడు నా కాళ్ళకున్నవీ అవే."

వంగి చూసింది. నిజంగా అవే. మళ్ళీ నిటారుగా కూర్చుంది. తరువాత పిల్లవాడి చేత తప్పు ఒప్పించే గొంతుతో అడిగింది.

"మీకేమీ అనిపించడం లేదా?"

"హాయిగా ఉందమ్మా. నీ కాలు కాస్త సుకుమారం అయుంటుంది."

"ఇరవై ఏళ్ళుగా నా కాలు మీకు తెలుసు బాబాయిగారూ. ఇప్పుడు సుకుమారమైందా?" అని లేచింది. మార్చి ఇస్తానన్నా ఆగలేదు. జతను బల్ల మీదే వదిలేసి రబ్బరు చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్ళిపోయింది.

ఆవిడ జోడులో చెయ్యి పెట్టాను. మడమ దగ్గర తోలు మడతపడి గట్టిగా, కత్తి అంచులా తగిలింది. అడుగున లోపలి అట్టను దాటి మేకు మొన ఒకటి పైకి వచ్చి ఉంది. చేతికి అర నిమిషంలో తెలిసిపోయింది. నా కాళ్ళు ఇదే రకం జోడులో పది రోజులున్నాయి.

దుకాణం తలుపు దగ్గరగా వేసి, కొనేవాళ్ళు కూర్చునే కుర్చీలో కూర్చున్నాను. కుడి షూ విప్పాను. సాక్సు ఊడిరాలేదు, అరికాలికి అతుక్కుంది. నీళ్ళు పోసి లాగాను. కొత్త జోడు కాలికి ఎలా ఉందో చూసుకోవడానికి నేల మీద వాలుగా పెట్టిన అద్దం ఉంటుంది కదా, అందులో నా అరికాలు కనిపించింది. బొటనవేలి పక్క వేలి మొదట్లో చిన్న రంధ్రం, చుట్టూ తెల్లగా నానిన చర్మం. నొప్పి ఉంటే ఇంత భయపడేవాణ్ణి కాదు. ఎవరిదో కాలు నా మోకాలికి తగిలించినట్టుంది.

అప్పుడు కూడా నేను వ్యాపారిలాగే ఆలోచించాను. మిగిలిన నల్ల షూలన్నీ అరల్లోంచి తీసి వెనక గదిలో పడేశాను. మందు రాసి, పట్టీ వేసి, మా ఆవిడకు కనబడకుండా రెండు రోజులు తిరిగాను. రెండు రోజుల్లో మానిపోతే ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదని లెక్క. మూడో రోజు ఒళ్ళు కాలిపోయింది. పాదం బెలూన్‌లా ఉబ్బి, చీలమండ దాకా ఎర్రబడింది. దుప్పటి లాగి చూసిన మా ఆవిడ వెంటనే ఆటో పిలిచింది.

డాక్టరమ్మ గాయం చూసింది. తరువాత రెండో కాలు చాపమంది.

"కళ్ళు మూసుకోండి. సన్నటి నైలాన్ దారంతో అరికాలిని తాకుతాను. తగిలినప్పుడల్లా 'ఆ' అనండి."

బేరంలో ఎదుటివాడి ఊపిరిని బట్టి ధర పట్టేసేవాణ్ణి. ఈమె ఎప్పుడు తాకుతుందో ఊహించలేనా? కాస్త ఆగి "ఆ" అన్నాను. మరి కాస్త ఆగి మళ్ళీ "ఆ". మూడోసారి గట్టిగా అన్నాను, నమ్మకం కలగాలని.

"నేనింకా దారం బయటికి తీయలేదండీ," అంది డాక్టరమ్మ.

మా ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"ఎన్నాళ్ళ నుంచి?" అని తనే అడిగింది.

"రెండేళ్ళు."

"డాబా మీద... పరుపుల రోజు నుంచా?"

తలూపాను.

"నేను ఇనప కాళ్ళని మురిసిపోయాను కదండీ!" అంది. తిడుతుందనుకుని సిద్ధం చేసుకున్న జవాబే ఇచ్చాను. "చెబితే దుకాణం ఏమవుతుంది?" అన్నాను.

"చెప్పకపోతే ఏమైందో చూస్తున్నారుగా."

డాక్టరమ్మ మధ్యలోకి వచ్చింది. నలభై ఏళ్ళు కూడా ఉండవు, మాట మాత్రం నిక్కచ్చి. "మేకు దిగిన రోజునే వచ్చుంటే పట్టీతో పోయేది. ఇప్పుడు ఆ వేలు ఉంచలేను. పాదాన్ని కాపాడటానికి చూస్తాను. అది నాలుగు రోజుల్లో తెలుస్తుంది."

వేలు ఆ సాయంత్రమే తీసేశారు. ఆ నాలుగు రోజులూ మంచం మీద పడుకుని పైకప్పు చూస్తూ లెక్కలు వేశాను. వేలు పోయినా నడక ఉంటుంది. పాదం పోతే నిచ్చెన ఉండదు, గొంతుక్కూర్చోవడం ఉండదు. మోకాలి దాకా పోతే ఏం ఉంటుందో లెక్క కట్టడానికి ధైర్యం చాలలేదు. దాచిన రెండు రోజుల ఖరీదు ఎంతో డాక్టరమ్మ వచ్చి చెప్పేదాకా నాకు తెలియదు. జీవితంలో మొదటిసారి ధర అడగకుండా సరుకు కొన్నాను.

మూడో రోజు బావమరిది వచ్చాడు. నోరున్న మనిషి, మంచం చివర తల వంచుకుని నిలబడ్డాడు.

"నా మేకే కదా బావా, నీ వేలు తీసింది."

"మేకు నీదేరా. రెండు రోజులు దాచింది నేను. నీ వంతు నువ్వు తీసుకో, నా వంతు నాకు వదిలెయ్."

"మరి వెన్నలా ఉందని ఎందుకన్నావు?"

"నిజంగానే అలా ఉందిరా. ఇప్పుడు నిప్పు మీద నిలబెట్టినా వెన్నలాగే ఉంటుంది నాకు."

అతను ఏడ్చాడు. నాకు విసుగొచ్చి కళ్ళు మూసుకున్నాను.

నాలుగో రోజు డాక్టరమ్మ కట్టు విప్పి, పాదం అటూ ఇటూ తిప్పి చూసి, "నిలిచింది" అంది. పది వేళ్ళలో తొమ్మిది మిగిలాయి.

ఇంటికొచ్చాక చేసిన మొదటి పని ఫోను పట్టుకోవడం. నల్ల షూ కొన్న పన్నెండు మందిలో టీచరమ్మ పోగా పదకొండు మంది. ఒక్కొక్కరికీ చేశాను. "ఆ జత తెచ్చి ఇచ్చేయండి. నేను తొడిగిన మాట నిజమే, కానీ నా కాళ్ళకు తెలియడం మానేసి రెండేళ్ళయింది." మొదటి ఫోను మధ్యలో పెట్టేసి మళ్ళీ చేశాను. మూడోదానికి వాన పడుతోందని చెప్పినంత మామూలుగా చెప్పగలిగాను. ఒకాయన, "అయ్యో, మా అన్నకీ అంతే, పాపం" అని అరగంట వాళ్ళ అన్న కథ చెప్పాడు. ఇంకొకాయన, "రెండేళ్ళలో ఇంకేమేం అంటగట్టావు?" అన్నాడు. ఆయన అడిగింది న్యాయం. ఆయన మళ్ళీ మా గడప తొక్కలేదు.

కొత్త సరుకు తొడిగి చూసే పని ఇప్పుడు బావమరిదిది. ఇన్నేళ్ళూ వందల జతలు చేశాడు కానీ తన కాళ్ళకెప్పుడూ రబ్బరు చెప్పులే. మొదటి రోజు మధ్యాహ్నం మూడింటికే కుంటుకుంటూ దుకాణానికి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"విప్పకు. సాయంత్రం దాకా," అన్నాను.

"బావా, నీ కాళ్ళు బాగున్న రోజుల్లో కూడా ఇవి ఎలా ఒప్పుకున్నావయ్యా?"

"అప్పట్లో నువ్వు కుట్టేవాడివి."

మర్నాడు కార్ఖానాలో మేకుల డబ్బా కనబడలేదు. మళ్ళీ సూది, దారం.

నా పద్ధతి మారింది. పొద్దున దుకాణం తీయగానే, తలుపులు పూర్తిగా తెరవకముందు, ఆ కుర్చీలో కూర్చుని వాలు అద్దంలో రెండు అరికాళ్ళూ చూసుకుంటాను. కొత్త సరుకును చూసినట్టే, మడమ నుంచి వేళ్ళ దాకా, వేళ్ళ సందుల్లో కూడా. షూ తొడిగే ముందు లోపల చెయ్యి పెట్టి తడుముతాను. సాయంత్రం ఇంట్లో మా ఆవిడ మళ్ళీ చూస్తుంది. నా లెక్క మీద ఆవిడకు నమ్మకం పోయింది, తిరిగి వచ్చేలా లేదు. "చూశానే" అంటే, "చాపండి" అంటుంది. చాపుతాను.

నెల కిందట టీచరమ్మ వచ్చింది. వస్తుందనుకోలేదు. గోధుమరంగు జోడు ఒకటి చేతిలోకి తీసుకుంది. అలవాటుగా నోరు తెరిచి ఆగిపోయింది.

"నేను తొడగలేదమ్మా," అన్నాను. "మా బావమరిది తొడిగాడు. నా కాలికి ఇక తెలియదు."

నా కాళ్ళ వంక చూడకుండా ఉండటానికి ప్రయత్నించింది. చివరికి చూసింది. జోడు తొడుక్కుని లేచి, తలుపు దాకా వెళ్ళి వచ్చింది. మళ్ళీ వెళ్ళి వచ్చింది.

"ఎడమది. ఇక్కడెక్కడో..."

కింద కూర్చున్నాను. ఇప్పుడు గొంతుక్కూర్చోలేను, చిన్న పీట వేసుకుంటాను. బొటనవేలితో పైతోలు నొక్కుతూ, "ఇక్కడా?" అన్నాను.

"కాస్త వెనక."

"ఇక్కడ."

"ఆ. అక్కడే."

లోపల కుట్టు ముడి ఒకటి ఉబ్బి ఉంది. నా వేలికి స్పష్టంగా తగిలింది. కొన్నాళ్ళకు చేతివేళ్ళు కూడా ఇలాగే కావచ్చని డాక్టరమ్మ చెప్పింది. ఇప్పుడు ఆరు నెలలకోసారి కాదు, మూడు నెలలకోసారి వెళుతున్నాను. ఇవాళ్టికైతే వేళ్ళకు తెలుస్తోంది.

"ఇది వద్దమ్మా. సరిచేయించి పెడతాను, వారం ఆగి రా."

"వస్తాను బాబాయిగారూ."

ఆవిడ వెళ్ళాక, ముడి ఉన్నచోట సుద్దముక్కతో గీత గీసి, ఆ జతను తిప్పి పంపే అరలో పెట్టాను.