దించని వేషం

షూటింగు మొదలైన పొద్దునే ఇస్సాకును గేటు బయటికి పంపేశారు.

కెమెరా పక్కన కుర్చీలో కూర్చున్న కాశప్ప కళ్ళ ముందే జరిగిందది. "నీ చెయ్యి బొమ్మలో బాగుండదయ్యా, ఆడవాళ్ళు భయపడతారు" అన్నాడు మద్రాసు నుంచి వచ్చిన డైరెక్టరు. ఇస్సాకు తన కుడిచెయ్యి చూసుకున్నాడు. చూసుకోవడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు. మణికట్టు దాకా ఆదోని జిన్ను తినేసింది.

"ఇది నా కతే కద సామీ. నా కతలో నేను లేకుంటే ఎట్ల?"

"నీ వేషం మా హీరో వేస్తాడు. చేతికి గుడ్డ చుట్టి చూపిస్తాం."

చెయ్యి ఉన్నవాడికి చెయ్యి లేనివాడి వేషం ఖాయమైంది. చెయ్యి లేనివాణ్ణి ఉన్న ఆ ఒక్క చెయ్యి పట్టుకుని గేటు దాటించారు. కాశప్ప లేవబోయాడు. మేకప్ మనిషి భుజం నొక్కి కూర్చోబెట్టాడు. అంటించిన మీసం జిగురు ఇంకా ఆరలేదట. కాశప్ప కూర్చున్నాడు. పత్తి కుప్పల దగ్గర ఎండలో నిలబడ్డ గంగమ్మ ఇక్కడికి వినబడేలా అంది:

"కుర్చీ మెత్తగుందా కాశప్పా?"

అరబ్బు కథల్లో జిన్ను సీసాలో ఉంటుంది, మూత తీస్తే మనిషికి చాకిరీ చేస్తుంది. ఆదోని జిన్ను రేకుల షెడ్డులో ఉంటుంది, మనుషులే దానికి చాకిరీ చేస్తారు. పత్తి నుంచి గింజను వేరుచేసే యంత్రమది. ఏమరుపాటున ఉంటే మనిషి నుంచి చేతినీ వేరుచేస్తుంది. పత్తిలో యజమానికి సంపత్తి, కూలికి విపత్తి. ఇస్సాకు చెయ్యి పోయిన రోజు యజమాని వెంకటకృష్ణయ్య శెట్టి పరుగెత్తుకొచ్చాడు. వచ్చి ఇస్సాకును చూడలేదు, ఎర్రబడ్డ పత్తిని చూశాడు. "తెల్లటి సరుకు పాడు చేసినారు కదరా!" అన్నాడు.

కూలీలు ఆ మాటను మరిచిపోలేదు, నాటకం కట్టారు. ఇస్సాకు వేషం ఇస్సాకుదే. కూలిజనం పెద్దగా గంగమ్మ. శెట్టి పేరు పెడితే జైలు కాబట్టి నాటకంలో ఆయన ఉత్త "సౌకారు". ఆ వేషం జిన్నులో పత్తి బేళ్ళు కుట్టే కాశప్పకు వచ్చింది. ఎత్తుంది, గొంతుంది. పొట్ట ఒక్కటే లేదు, దూది కట్టారు. సౌకారు పొట్ట నిండా పత్తేనని ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేకపోయింది.

నాటకం చివర సౌకారు ఎర్రబడ్డ పత్తిని పిడికిట పట్టుకుని, ఆఖరి వరసకు వినబడేలా అరుస్తాడు: "నా పత్తిలో ఈ నెత్తురు ఎవురిదిరా?"

తొలిసారి ఆడినప్పుడు గంగమ్మ ఒక్కతే "మాది!" అనాలి. కానీ పెద్దకడుబూరులో చూస్తున్న జనమే లేచి "మాది!" అన్నారు. అప్పటినుంచి ఏ ఊళ్ళో ఆడినా అంతే. నాటకం అయిపోయేది ఆ కేకతోనే. ఆ కేక తర్వాత జనం అడిగేది ఒకటే: యంత్రానికి ఇనుప కంచె వెయ్యి, చెయ్యి పోయినవాడికి కూడు పెట్టు.

మంచివేషాలకు చప్పట్లు, కాశప్పకు చెప్పులు. వేషం వేసినందుకు ద్వేషం. ఎమ్మిగనూరు అతని సొంతూరు, మగ్గాల వీధిలో పుట్టాడు. అక్కడ ఆడిన మర్నాడు బావి దగ్గర చిన్నప్పుడు ఎత్తుకుని తిరిగిన పెద్దామె బిందె వెనక్కి లాక్కుంది.

"నెత్తురు తాగేటోనికి నీళ్ళెందుకప్పా?"

"అది ఆట అవ్వా!"

"ఆటైతే ఏమి, కండ్లు నీవే కదా."

నవ్వాడు కాశప్ప. దప్పికతోనే తిరిగొచ్చాడు. ఆ సంగతి తెలిసి గంగమ్మ ఒక పద్ధతి పెట్టింది. ఆట కాగానే, రంగు తుడవకముందే, జనమంతా చూస్తుండగా సౌకారును మధ్యలో కూర్చోబెట్టాలి. కూలివేషాలు వేసినవాళ్ళందరూ తలా ఒక ముద్ద జొన్నరొట్టె నోట పెట్టాలి. మొదటి ముద్ద ఇస్సాకుది, ఎడమచేత్తో. దిష్టి దించినట్టు వేషం దించడమన్నమాట. ఆ తర్వాతే కాశప్ప కాశప్ప అవుతాడు, ఆ తర్వాతే బావి దగ్గర నీళ్ళు దొరుకుతాయి.

ఆంధ్ర రాష్ట్రం వచ్చి, రాజధాని పక్కనే కర్నూలులో డేరాలు వేసుకున్న రోజులవి. డేరా కూడా లేని ఆదోని కూలీల దగ్గరికి సినిమావాళ్ళు వచ్చారు. మీ నాటకం బొమ్మ తీస్తాం, మీ వేషాలు మీరే వెయ్యండి అన్నారు. కూలీల సంఘం మీటింగులో వాదన జరిగింది.

"ఊరూరా అరిసి గొంతులు పోగొట్టుకుంటాండాం. బొమ్మైతే హొళగుంద నుంచి మద్రాసు దాకా పోతాది" అన్నాడు ఇస్సాకు.

"బొమ్మలో జనం యాడుంటారు? మనం అడిగితే ఎవురు 'మాది' అనేది?" అన్నాడు కాశప్ప.

"సౌకారు కదా, లెక్కలేసుకుంటాండాడు" అన్నారెవరో. అందరూ నవ్వారు. చేతులెత్తమంటే ఇస్సాకు ఉన్న చెయ్యి ఎత్తాడు. అది చూసి కాశప్ప కూడా ఎత్తాడు.

షూటింగు శెట్టిగారి జిన్ను ఆవరణలోనే. అద్దెకు తీసుకున్నామన్నారు. కాశప్పకు కుర్చీ, గొడుగు, కప్పులో టీ. కూలీలకు కోటకొండ మీంచి దిగే ఎండ. యాక్టర్ల మీద ఒక కంట్రాక్టరు, వాడి చేతిలో బెత్తం. మధ్యాహ్నం కాశప్ప రొట్టెల వాసన పట్టుకుని పత్తి కుప్పల వైపు నడిస్తే కంట్రాక్టరు అడ్డం నిలబడ్డాడు.

"ఆర్టిస్టులు ఆ పక్కకు పోగూడదు. వేరే పెట్టినాం."

అరిటాకులో వేడివేడి అన్నం. ఎదురుగా ఎవరూ లేరు. సాయంత్రం మేకప్ మనిషి నూనెగుడ్డతో ముఖం తుడిచాడు. రంగు పోయింది, వేషం పోలేదు. ముద్ద పెట్టడానికి గంగమ్మ రాలేదు. ఇస్సాకు గేటు బయట ఉన్నాడు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. కూలీలు మాట్లాడుకుంటూ కాశప్ప దగ్గరికి రాగానే ఆపేయడం మొదలుపెట్టారు. "సౌకారు వచ్చినాడు" అని మొదట నవ్వుతూ అనేవాళ్ళు. తర్వాత నవ్వడం మానేశారు. కెమెరా ముందు ఎంత గొంతెత్తినా ఆ గాజుకన్ను రెప్ప వెయ్యదు. తిట్టదు, చెప్పు విసరదు. ఒక చెప్పు వచ్చి తగిలినా బాగుండుననిపించింది అతనికి.

ఆఖరి సీను రోజు వెంకటకృష్ణయ్య కారు దిగి నేరుగా వచ్చి డైరెక్టరు పక్కన కూర్చున్నాడు. డైరెక్టరు లేచి ఆయనకు కుర్చీ సర్దాడు. బొమ్మకు పెట్టుబడి ఎవరిదో అప్పుడు తెలిసింది అందరికీ. నాటకాన్ని ఆపలేనివాడు నాటకాన్నే కొనేశాడు!

డైలాగు మారింది. సౌకారు కంటతడి పెట్టి, "బిడ్డలారా, మీ నెత్తురు నా నెత్తురు కాదా?" అనాలి. కూలీలంతా అతని కాళ్ళ మీద పడాలి.

"ఈ బొమ్మ ఊరూరా ఆడనీ. కంచె అడిగేటోడు ఇంగ ఒక్కడుండడు" అని శెట్టి డైరెక్టరుతో అన్న మాట కాశప్ప చెవిన పడింది.

"రెడీ!"

కాశప్ప పిడికిట పత్తి పట్టుకున్నాడు. రంగు పులిమిన ఎర్రపత్తి. అది చేతికి తగలగానే కళ్ళు వాటంతటవే ఆఖరి వరసను వెతికాయి, గొంతు దానంతటదే లేచింది. అతను మోసం చెయ్యలేదు, అలవాటు అతణ్ణి మోసం చేసింది.

"నా పత్తిలో ఈ నెత్తురు ఎవురిదిరా?"

వంగాల్సిన కూలీలు నిటారుగా లేచారు. వాళ్ళకూ అదే అలవాటు.

"మాది!"

"కట్! కట్!" డైరెక్టరు జుట్టు పీక్కున్నాడు.

"పొరపాటైంది సామీ" అన్నాడు కాశప్ప. నిజంగానే పొరపాటు.

శెట్టి లేచి నిలబడ్డాడు. "ఈసారి కాళ్ళ మీద పడనోడు రేపట్నుంచి నా జిన్నులో కనపడగూడదు. అర్థమైందా?"

అందరికీ అర్థమైంది. కెమెరా మళ్ళీ తిరిగింది. ఈసారి కాశప్పకు కొత్త డైలాగు బాగా గుర్తుంది, నాలుక చివరే ఉంది. గేటు ఊచల మధ్య ఇస్సాకు ముఖం కనిపిస్తోంది. అనేస్తే సాయంత్రానికి అన్నీ అయిపోతాయి, ఎమ్మిగనూరు పోవచ్చు. పోతే బావి దగ్గర ఏ వేషంతో నిలబడాలి? ఈ బొమ్మలో తన వేషం ఎప్పటికీ దిగదు. ఊరూరా తెర మీద తన కాళ్ళు, ఆ కాళ్ళ మీద గంగమ్మ తల.

"నా పత్తిలో..." పిడికిలి ఇంకా పైకెత్తాడు. "నా పత్తిలో ఈ నెత్తురు ఎవురిదిరా?"

ఎవరూ పలకలేదు. తలలు దించుకున్నారు. అంతమంది మధ్య అంత ఒంటరితనం కాశప్ప ఏ స్టేజీ మీదా ఎరగడు.

"మాది!" గేటు బయటినుంచి వచ్చింది కేక. ఎడమచెయ్యి ఒకటి ఊచల పైకి లేచి ఉంది.

గంగమ్మ ముందు ఆ చెయ్యి వైపు చూసింది, తర్వాత కాశప్ప వైపు. చీర కొంగు నడుముకు బిగించింది.

"మాదిరా!" అంది. "మా నెత్తురే! బొమ్మలో పెట్టుకో, బాగుంటాది!"

ఇక ఆవరణంతా లేచింది. "మాది! మాది!" కంట్రాక్టరు బెత్తం ఎవరి కాళ్ళ కిందో విరిగింది. గేటు తెరిచి ఇస్సాకును లోపలికి తెచ్చి పత్తికుప్ప మీద నిలబెట్టారు.

పోలీసులు వచ్చారు. ముందు దిగిన కొత్త జవాను జరీ తలపాగా, దూదిపొట్ట చూసి కాశప్పకే సలాం కొట్టాడు. "నేను కాదప్పా, ఆయన" అని కాశప్ప శెట్టిని చూపించాడు. శెట్టి కాశప్పను చూపించాడు. సలాం అటు పోయింది, బేడీలు ఇటు వచ్చాయి.

లాకప్‌లో దూదిపొట్టతో, రంగు ముఖంతో కూర్చున్నాడు కాశప్ప. తుడుచుకోవడానికి ఇన్‌స్పెక్టరు తడిగుడ్డ ఇప్పించబోయాడు. వద్దన్నాడు. ఇంకా వేషం దించలేదు మరి.

కాసేపటికి వీధిలో కాళ్ళ చప్పుడు. ఇస్సాకు ముందు, వెనక గంగమ్మ, ఆమె వెనక జిన్ను జిన్నంతా వరస కట్టింది. కొసన, నూలు కొనడానికి ఆదోనికి వచ్చిన ఎమ్మిగనూరు మగ్గాలవాళ్ళు కూడా ఉన్నారు.

"ఏమి గుంపు ఇది? ఏం కావాలి?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మావోణ్ణి మావోణ్ణి చేసుకునేకి వచ్చినాం సార్" అంది గంగమ్మ.

ఇస్సాకు ఎడమచెయ్యి ఊచల్లోంచి లోపలికి వచ్చింది, జొన్నరొట్టె ముద్దతో. కాశప్ప నోరు తెరిచాడు. కళ్ళలోంచి కారిన నీళ్ళకు మీసం ఊడి రొట్టె మీద పడింది.

"మీసంతో తింటావా, మీసం లేకుండానా?" అన్నాడు ఇస్సాకు.

"యెట్లైనా పెట్టురా సామీ, ఆకలయితాంది."

మధ్యాహ్నం పనికి రమ్మని జిన్ను కూత పెట్టింది. ఎవరూ తల తిప్పలేదు. కూత మళ్ళీ వచ్చింది, ఈసారి ఇంకా పొడుగ్గా. వరసలో వెనకవాడు ముందువాడి భుజం తట్టి, "జరగన్నా, నా ముద్ద ఆరిపోతాంది" అన్నాడు.