పదహారు డిగ్రీల పిట్టలు

నరసాపురంలో చేపల బుల్లిరాజంటే మా ఆయనే. ముప్పై ఏళ్లుగా పొద్దున లేస్తే ఐసు పెట్టెలతోనే ఆయన పని. చల్లగా ఉన్నదేదీ పాడవదని ఆయన గట్టి నమ్మకం.

మే నెల ఎండకు మా లవ్‌బర్డ్స్ రెండూ నోళ్లు తెరుచుకుని రొప్పుతుంటే చూడలేకపోయారు. పంజరం తెచ్చి సరిగ్గా ఏసీ గాలికి ఎదురుగా వేలాడదీసి, పదహారు డిగ్రీల్లో పెట్టారు. గంట తిరక్కుండా పిట్టలు ఈకలు ఉబ్బించుకుని నిమ్మకాయల్లా గుండ్రంగా తయారయ్యాయి.

"చూశావా వీరదుర్గా, చల్లదనానికి ఎలా ఒళ్లు చేశాయో," అన్నారు మురిసిపోతూ.

"అది ఒళ్లు కాదండి, చలి."

ఏసీని ఇరవై ఆరుకు పెంచాను. పంజరాన్ని గాలి తగలని మూలకు మార్చి, ఒక పక్క దుప్పటి కప్పాను. కాసేపటికి ఈకలు సర్దుకుని కిచకిచలు మొదలుపెట్టాయి.

ఆయనకు పౌరుషం వచ్చింది. "ఐసు గురించి నాకు చెబుతావేంటి? నేను ఐసులో పెట్టిన చేప ఇన్నేళ్లలో ఒక్కటైనా పాడైందా?"

"లేదండి," అన్నాను దుప్పటి సర్దుతూ. "కానీ చేపలు చచ్చాకే వాటిని మీరు ఐసులో పెడతారు. ఇవింకా బతికే ఉన్నాయి."