ముగ్గురి టీకి ఒక మాత్రిక

నోటి పరీక్షకు బోర్డు ముందు నిలబడగానే బీబినూర్‌కు మళ్ళీ నోరు కట్టుకుపోయింది. మొదటి రెండుసార్లు ఒక్క పరీక్షకుడి ముందే మూగపోయింది. ఈసారి బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. ఇవాళ కూడా తప్పితే తరాజ్ పట్నంలోని అర్థశాస్త్ర కళాశాల జాబితాలోంచి ఆమె పేరు కొట్టేస్తుంది. ఆ తర్వాత అడగడానికీ ఏమీ ఉండదు.

ఆమె తీసిన చీటీలో ప్రశ్న ఇది: రొట్టెకు కరెంటు కావాలి, కరెంటుకు బొగ్గు, బొగ్గు తవ్వేవాళ్ళకు మళ్ళీ రొట్టె. ఈ అవసరాల మాత్రికను దానితోనే మళ్ళీ మళ్ళీ గుణించి కూడుతూ పోతే, ఆ అంతులేని శ్రేణి ఎప్పుడు ఒక మొత్తానికి చేరుతుంది?

తెలియక కాదు. కాగితం మీద ఎన్నోసార్లు రాసింది. పెళ్ళయిన ఈ ఏడాదిలో అత్తగారింటికి వచ్చిన చుట్టాలు ఆమెను ‘నోట్లో నాలుక లేని కోడలు’ అని మెచ్చుకునేవారు. ఆ మెప్పు తనకు నచ్చింది. బోర్డు ముందు నిలబడితే అదే గుర్తొచ్చి సిగ్గేసింది. ఎవరూ ఆమె గొంతు నొక్కలేదు. పొగడ్త వెచ్చగా ఉందని తనే దాన్ని మడిచి దాచుకుంది.

“తొందరేం లేదమ్మా, ఆలోచించుకో,” అన్నాడు ముగ్గురిలో పెద్దవాడైన ఒరజలీ. ఈలోగా ఆయనే టీ నీళ్ళు మరిగే సమోవార్ కుళాయి తిప్పి, పక్కన కూర్చున్న పరీక్షకురాలు కుల్యాష్ ముందున్న టీ గిన్నెను అంచుదాకా నింపేశాడు.

గిన్నె నిండుగా పోసి ఇస్తే ఇక బయల్దేరమని అక్కడ అర్థం. కుల్యాష్ ఆ గిన్నె వంక, తర్వాత పెద్ద మాస్టారి వంక చూసింది. “ఏమిటి అగాయ్, నన్ను లేచి పొమ్మంటున్నారా?”

“ఇంట్లో టీ అంతా మా ఆవిడే పోస్తుంది. నాకేం తెలుసు?”

“ఆయనకు పొయ్యడం రాదు, మీకు తాగడం రాదు. నా గిన్నె మాత్రం ఎండిపోయింది,” అన్నాడు ముగ్గురిలో కుర్రవాడైన మెరెకె.

బీబినూర్ ఎప్పుడు కదిలిందో ఆమెకే తెలియలేదు. నిండు గిన్నె తీసేసి, కొత్త గిన్నెలో పాలు, ఆ పైన చిక్కటి డికాషన్, మరిగే నీళ్ళు పోసి సగానికి తక్కువగా అందించింది. అలా కొంచెం పోస్తేనే మనిషి మళ్ళీ గిన్నె చాస్తాడు, ఇంకాసేపు కూర్చుంటాడు. చేతులకు పని దొరకగానే లోపల ఏదో ముడి వదులైంది.

“కుల్యాష్ అపాయ్,” అని టీచరమ్మను పిలిచింది. “టీతో చెప్పొచ్చా?”

“దేనితోనైనా చెప్పు. చెప్పడం ముఖ్యం.”

“మనిషి దాహానికే తాగడు. పక్కవాడు తాగుతుంటే తాగుతాడు. ఒరజలీ అగాయ్ ఒక గిన్నె తాగారనుకోండి. అది చూసి మీరు తర్వాతి విడతలో అర గిన్నె, మెరెకె అగాయ్ పావు గిన్నె తాగుతారు. అది ఆయన నిలువు వరుస. అలా ముగ్గురికీ మూడు వరుసలు రాస్తే మాత్రిక. ఒక్కో విడతకు ఒక్కో గుణకారం. అన్ని విడతలూ కూడితే శ్రేణి.”

“నాకు పావేనా?” అన్నాడు మెరెకె.

“ఎప్పుడు ఆగుతుంది?” అంది కుల్యాష్.

“మాత్రికలో ప్రతి అంకె ఒకటి కంటే తక్కువైతే ఆగుతుంది.”

కుల్యాష్ లేచి వెళ్ళి బోర్డు మీద తొమ్మిది గళ్ళు గీసి అన్నిటిలోనూ సున్నా పాయింట్ ఆరు రాసింది. “అన్నీ ఒకటి కంటే తక్కువే. ఆగుతుందా?”

బీబినూర్ తొమ్మిది గళ్ళూ చూసింది. నాలుక మళ్ళీ బరువెక్కుతోంది. ఊరికే ఉండలేక మెరెకె గిన్నె అందుకుంది. పోస్తుండగా అత్తగారి ముగ్గురు స్నేహితురాళ్ళు కళ్ళ ముందు మెదిలారు. ఒక్కరూ ఎక్కువ తాగరు. అంత కొంచెం తాగేవాళ్ళు కూర్చున్న రోజే సమోవార్ మళ్ళీ మళ్ళీ నింపాల్సి వస్తుంది. ఒకావిడ చప్పరించగానే మిగతా ఇద్దరికే కాదు, ఆవిడకు కూడా మళ్ళీ తాగబుద్ధేస్తుంది.

“ఆగదు అపాయ్. తప్పు చెప్పాను. ఒకరు గిన్నెడు తాగితే ముగ్గురికీ కొంచెం కొంచెం దాహం పుట్టి, మొత్తం గిన్నెన్నర దాటుతుంది. విడత విడతకూ పెరుగుతుంది. చూడాల్సింది ఒక్కో అంకెను కాదు, ఒక్కో నిలువు వరుస మొత్తాన్ని. ప్రతి వరుస మొత్తమూ ఒకటికి లోపు ఉంటే చాలు, విడతలు తగ్గుతూ వస్తాయి. అప్పుడు సమోవార్‌లో ఎన్ని నీళ్ళు పొయ్యాలో ముందే లెక్కకట్టొచ్చు. తత్సమ మాత్రికలోంచి ఈ మాత్రికను తీసేసి విలోమం చేస్తే వచ్చేది అదే.” ఒక్క క్షణం ఆగి, “బొగ్గుకైనా రొట్టెకైనా ఇంతే,” అంది.

అంత పొడుగు మాట తన నోటినుంచి వచ్చిందని ఆమె ఆలస్యంగా గమనించింది. భయం పోలేదు. అది పక్కన కూర్చున్న చుట్టంలా ఉంది, అంతే.

ఒరజలీ తల ఊపాడు. కుల్యాష్ కలం తీసి, “ఐదుకు నాలుగు. గట్టెక్కావు,” అంది.

“నాలుగేనా?” అంది బీబినూర్.

మెరెకె నవ్వు ఆపుకోలేకపోయాడు. “మొన్నటిదాకా మాటే లేదు, ఇవాళ బేరం.”

“తప్పు నేనే దిద్దుకున్నాను కదా అపాయ్.”

“దిద్దుకున్నావు. కానీ అలా ఉంటే చాలు అన్నావు. అలా ఉండి తీరాలా? ఏదో ఒక వరుస ఒకటి దాటినా ఆగే శ్రేణి ఉందా? అది చెబితే ఐదు.”

“పోనీలెండి, గట్టెక్కింది కదా,” అన్నాడు ఒరజలీ. “ఇంటికి వెళ్ళు తల్లీ. ఎదురుచూస్తుంటారు.”

“ఉండండి అగాయ్.” ఆమె సుద్దముక్క అందుకుంది. అంకెలు తుడిచేసి, బల్ల వెనకున్న ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. “మెరెకె అగాయ్ మాటలు వింటే మీ ఇద్దరికీ చెరో గిన్నెడు దాహమేస్తుంది. ఆయన వరుస ఒకటి దాటుతుంది. కానీ మిమ్మల్ని చూసి ఎవరికీ దాహం పుట్టదనుకోండి. మీ వరుసల్లో అన్నీ సున్నాలే. ఆయన ఒకసారి తాగుతారు, మీరిద్దరూ తాగుతారు. అక్కడితో సరి.”

“మధ్యలో నేనేం చేశాను?” అన్నాడు మెరెకె.

ఆమె అప్పటికే అతని వరుస రాస్తోంది.