కషాయం కాచే మనిషి

నేలవేము ఆకు దూస్తుంటే సత్యదుర్గకు పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. మళ్ళీ చలి మొదలైంది. వసారాలో అప్పుడే జనం చేరారు. మలికిపురం చుట్టుపక్కల ఎవరికి చలిజ్వరం వచ్చినా ఆమె భర్త నాగేంద్రబాబు హస్తవాసి మీదే నమ్మకం. తెల్లారకుండా గట్ల వెంట తిరిగి మొక్క పీకేది, కడిగేది, తిప్పతీగ దంచి కలిపి కాచేది, వడకట్టేది సత్యదుర్గ. గ్లాసు చేతికిచ్చేది మాత్రం ఆయన. ఆడదాని చేత్తో ఇస్తే మందు చచ్చిపోతుందని ఆ ఇంటి ఆచారం. ఆడది కాస్తే ఎందుకు చావదని ఆమె ఒకసారి అడిగింది. "నోరు బాగా లేచింది నీకు" అంది అత్తగారు కాంతం.

ఇప్పుడు తన జ్వరానికీ తానే కాచుకుని తాగుతోంది. కడుపులో నిలవడం లేదు. నిన్నటి నుంచి కళ్ళు పచ్చబడ్డాయి. ఆసుపత్రికి తీసుకెళ్ళమంటే మొగుడు ఒంటిమీద చెయ్యేసి కూడా చూడలేదు. "వైద్యుడి పెళ్ళాం సూదిమందుకెళ్ళిందంటే మన గుమ్మం ఎవడు తొక్కుతాడే? చేదని ఉమ్మేస్తున్నావు, అందుకే తగ్గట్లేదు" అన్నాడు. ఇవాళ తెల్లారకముందే కాంతం దుప్పటి లాగేసింది. "పడుకుంటే జొరం ముదురుద్ది. లే, జనం వచ్చే వేళయ్యింది." తాను చచ్చిపోతానేమోనని కాదు, పని ఆగిపోతుందేమోనని వాళ్ళ భయం. ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో తానూ ఒక మనిషిననుకోవడం ఎంత వెర్రితనం! ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది.

గేటు దగ్గర ఆశా కార్యకర్త శారోన్ ఆగింది. "జొరాలేమన్నా ఉన్నాయాండీ?"

"మా ఇంట్లోనా? ఎవరికీ లేవండి" నవ్వాడు నాగేంద్రబాబు.

సత్యదుర్గ గోడ పట్టుకుని వసారాలోకి వచ్చింది. అందరి ముందూ వేలు చాపింది. "నాకుందండి. రక్తం తియ్యండి."

కాసేపటికి పరీక్ష కిట్టు మీద గీతలు చూసి శారోన్ మొహం పాలిపోయింది. "మలేరియానేనండి. కళ్ళు కూడా పచ్చగున్నాయి. ఇప్పుడే ఆసుపత్రికి ఎళ్ళిపోవాలండి" అంటూ ఆటోకి ఫోన్ చేసింది.

"ఎళ్తే మళ్ళీ రాకు" పళ్ళ మధ్య నుంచి అన్నాడు నాగేంద్రబాబు.

ఏటా ఆ కషాయంతోనే జ్వరం తగ్గించుకునే అచ్చాయమ్మ "అయ్యయ్యో" అంది. సత్యదుర్గ ఆశగా ఆమె వైపు చూసింది.

"మరి ఇయ్యాల మాకు ఎవరు కాస్తారండీ?"

సత్యదుర్గ ఆటో ఎక్కి కూర్చుంది.

"పొయ్యి లోపలుందండి. ఎవరైనా కాయొచ్చు."