నాలుగు వేళ్ల ఎత్తు

రోజూ తొమ్మిదింటికి డిజైనర్ వచ్చి ఆ ఇంటి చుట్టూ ఒకసారి తిరిగేది. చేతిలో జానెడు పొడవున్న పల్చటి స్టీలు బద్ద. ప్రతి మూలా మోకాళ్లమీద కూర్చుని, పునాదికీ గోడకీ మధ్య దాన్ని దూర్చి చూసేది. దూరకపోతే ఫారంలో సున్నా వేసేది.

ఆ ఊళ్లో ఇళ్లు తేలికైతే లేస్తాయి. సామాను తగ్గించే పని పెట్టుకున్నవాళ్లు ఈ కొలత తీయాల్సిందే. నీళ్ల కనెక్షన్లు ఇచ్చే ఆఫీసులో అందుకు అచ్చు ఫారం ఉంది. నాలుగు వేళ్ల ఎత్తు దాటితే పైపులు తెగుతాయి, ఆ తర్వాత పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. రెండేళ్ల కిందట పోస్టాఫీసు వెనక ఒక ఇల్లు లేచి, రెండు వీధుల అవతల గోదాం కప్పుమీద వాలింది. దాని యజమాని ఇప్పటికీ నిచ్చెన ఎక్కే ఇంటికి పోతాడు.

ఇంకో సంగతి కూడా అందరికీ తెలుసు. వాడని వస్తువుకు బరువుండదు. ఇంటిని నేలకు పట్టి ఉంచేవి రోజూ చెయ్యి పడేవే.

అందుకే మొదటి ఇరవై రోజులూ పని సాఫీగా సాగింది. ఎవరూ కూర్చోని రెండు సోఫాలు, తాళంచెవి పోయిన అద్దాల బీరువా, ఆగిపోయిన మూడు గడియారాలు, మొత్తం నలభై మూడు వస్తువులు బయటికి పోయాయి. బద్ద దూరలేదు. ఇంటి ముందు సిమెంటు పువ్వులు చెక్కేశారు, వంకీల గ్రిల్ ఊడదీశారు, గోడలకు తెల్లసున్నం వేశారు. లోపల మిగిలింది గోడకు బిగించిన ఒక బల్ల, ఒక అలమర, పిడులు కనపడని తలుపులు. పొద్దుటి వెలుతురు వీధి గుమ్మం నుంచి పెరటిదాకా దేనికీ తగలకుండా పోయేది.

"ఇప్పటికి ఊపిరాడుతోందండీ," అన్నాడు ఇంటాయన. నిజంగానే ఇల్లు అందంగా ఉంది.

మిగిలింది వెనక గది. అందులో ఇంటాయన అక్క ముప్పై ఏళ్లుగా కుట్టుమిషను పెట్టుకుని ఉంటోంది. డ్రాయింగులో ఆ చోట 'ఖాళీ గది' అని రాసి ఉంది. గురువారం పదకొండింటికి వ్యాను వస్తుందని, ఊరి చివర ఆడవాళ్ల హాస్టల్లో గది చూశామని వారం ముందే ఆవిడకు చెప్పారు. ఆవిడ "సరే" అని, మొదలుపెట్టిన చొక్కా కాలరు పూర్తి చేసింది.

బుధవారం సాయంత్రం మిషను తీసి గేటు పక్కన పెట్టారు. గురువారం తొమ్మిదింటికి వెనక మూల బద్ద దూరింది.

డిజైనర్ తీసి, మళ్లీ దూర్చింది. ఈసారి రెండు బద్దల మందం సందుంది. బద్దని అందులోనే వదిలేసింది.

"మేస్త్రీ, ఇలా రా."

మేస్త్రీ వంగి చూశాడు. "నిన్నటిదాకా బండలా ఉంది మేడమ్. ఆ మిషను తీశాకే."

"మిషను ఒక్కటే. ఇంత లేవకూడదు."

"లేచేదేదో లేచింది. కిందికి లాగే దారి చూడండి, పైపు మూలుగుతోంది."

ఇంటాయన ఇసుక బస్తాలు తెప్పించాడు. పన్నెండు బస్తాలు ముందుగదిలో వరసగా పేర్చారు. ఇల్లు వెంట్రుకవాసి దిగలేదు. వాడని బస్తాలు, కాగితం పొట్లాల్లా కూర్చున్నాయి.

"వాటిమీద కూర్చోండి బాబూ, వాడినట్టయినా ఉంటుంది," అన్నాడు మేస్త్రీ.

పదిన్నరకి సందు ఒక వేలు మందమైంది. డిజైనర్ ఇంటావిణ్ణి అడిగింది: "మీ వదినగారు రోజంతా ఏం చేస్తారు?"

"ఏం చేస్తుంది, ఆ మిషను ముందు కూర్చోవడం తప్ప? పొద్దున్నే లేచి కిటికీలు తీస్తుంది. పాలు కాస్తుంది. కుళాయి కారితే వాషరు మారుస్తుంది. మా పిల్ల బడి నుంచి వస్తే..." ఇంటావిడ వెనక గది వైపు చూసింది.

డిజైనర్ తన చొక్కా మణికట్టు దగ్గరి గుండీ చూసుకుంది. పనిలో దిగిన మూడో రోజు అది వేలాడుతుంటే అక్కే, అడక్కుండా, నిలబెట్టి కుట్టింది. ఫారంలో కుర్చీకి గడి ఉంది, గిన్నెకు గడి ఉంది. మనుషులకు లేదు. మనుషులు వస్తూ పోతూ ఉంటారు కనక లెక్కలో పట్టరని ఆ వృత్తిలో మొదటిరోజే నేర్పుతారు. ఇరవై రెండేళ్లుగా తనూ అలాగే నింపుతోంది.

"వ్యాను ఆపించండి," అంది ఇంటాయనతో.

"అదేంటండీ? అక్క బజారుకెళ్లినప్పుడు ఎప్పుడైనా లేచిందా ఇల్లు?"

"తిరిగొస్తుందని దానికి తెలుసు కదా బాబూ," అన్నాడు మేస్త్రీ.

గేటు దగ్గర హారన్ మోగింది. అక్క చేతిసంచితో బయటికొచ్చింది. మెట్టు దిగింది. రెండో కాలు గులకరాళ్లమీద మోపగానే వెనకాల గోడలు నిట్టూర్చినట్టయింది. మేస్త్రీ నేలమీద పడుకుని సందులో చెయ్యి పెట్టాడు.

"రెండు వేళ్లు... మూడు..."

పైపు వంగింది. ఇంటావిడ గుమ్మంలో తలుపు పట్టుకుని నిలబడిపోయింది. దూకడానికి ఎత్తు లేదు, దిగడానికి ధైర్యం లేదు.

"అక్కా, మెట్టెక్కు! త్వరగా!"

అక్క వెనక్కి తిరిగింది. "ఎక్కి ఎక్కడ కూర్చోనురా? ఆ కాగితంలో చూశాను. నా గది ఖాళీ అని రాశారు."

డిజైనర్ డ్రాయింగుని గోడకు ఆనించి పరిచింది. 'ఖాళీ గది'ని రబ్బరుతో తుడిచి, కిటికీ కింద మిషను గీసింది, పక్కన మంచం గీసింది. తొందరలో మంచం కాస్త వంకర పోయింది.

"మూడున్నర," అన్నాడు మేస్త్రీ.

అక్క కాగితం చూసింది. తొందరపడలేదు. "మిషను కుడి పక్కకి జరపమ్మా, వెలుతురు ఎడమనుంచి రావాలి." తర్వాత తమ్ముడి వంక చూసింది. "ముందు దాన్ని లోపల పెట్టు. నేను తర్వాత."

ఇంటాయన కుట్టుమిషనుని ఒంటరిగా ఎత్తి, తేలుతున్న గుమ్మంలోకి మోకాళ్లమీద పాక్కుంటూ ఎక్కించాడు. జీవితంలో ఆయన దాన్ని మోయడం అదే మొదటిసారి. తర్వాత చెయ్యి చాచాడు. ఆవిడ ఆ చెయ్యి పట్టుకోలేదు. చెప్పులు విడిచి, మెట్టుమీద అరచెయ్యి ఆన్చి, రోజూ ఎక్కినట్టే ఎక్కింది.

ఇల్లు దిగింది. సున్నం పెళ్ల ఒకటి రాలింది, అంతే.

వ్యాను డ్రైవరు కాసేపు చూసి వెళ్లిపోయాడు. లోపల పాలగిన్నె పెట్టిన చప్పుడైంది.

మేస్త్రీ వెనక మూల కూర్చుని లాగుతున్నాడు. "మేడమ్, మీ బద్ద కింద ఇరుక్కుపోయింది. రావట్లేదు."

డిజైనర్ ఫారం అంచున, గడులు లేని చోట, ఒక గీత గీసి 'అక్క' అని రాసింది.

"ఉండనీ," అంది.